తుప్పు పట్టని మేకు

మేకు కొత్తది. ఆ పొద్దున్నే డబ్బా విప్పి వాడుతున్న రెండంగుళాల మేకు. తిరగబడి ఉన్న రీపరు ముక్కలోంచి నిక్కి ఉంటే చూసుకోకుండా కాలేశాను. హవాయి చెప్పును చీల్చుకుని కుడి అరికాల్లో దిగింది. లాగి, లైటు కిందికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూశాను. తళతళలాడుతోంది. ఎక్కడా తుప్పు చుక్క లేదు.

"తుప్పు లేదులే, ఏం గాదు" అన్నాను పక్కనున్న కుర్రాడితో.

ఆ మాట అన్న తొమ్మిదో రోజున నా నోరు తెరుచుకోలేదు. తరవాత 38 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అందులో 19 రోజులు గొంతుకు చేసిన రంధ్రంలోంచి మిషనే నాకు ఊపిరి పోసింది. నాకు వచ్చింది ధనుర్వాతం. దాన్ని నేనే పిలిచి తెచ్చుకున్నాను. ఎలా తెచ్చుకున్నానో దాచకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది సూర్యాపేట పక్కన పల్లె. 1972లో పుట్టాను. 1996లో హైదరాబాదు వచ్చి, కొన్నాళ్ళు కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం ఉండి, పెళ్ళయ్యాక రహమత్‌నగర్‌కు మారాను. ఇప్పటికీ అక్కడే. మా గల్లీలో సగం ఇళ్ళు సినిమా పని మీద బతికేవే. డ్రైవర్లు, లైట్‌మెన్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూమ్స్ వాళ్ళు, ఫైటర్లు. పైన గుట్ట మీద జూబ్లీహిల్స్, దాని వెనక ఫిల్మ్‌నగర్. పని అక్కడ, పడక ఇక్కడ. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచే నాటికి అదంతా రాళ్ళగుట్టలేనని మా పెద్ద మేస్త్రీ చెప్పేవాడు. ఆ రాళ్ళ మీదికి మట్టి తోలి, చదును చేసి, సెట్లు వేసినవాళ్ళలో ఆయనొకడు. నాకు పని నేర్పింది కూడా ఆయనే.

నేను చేసేది ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఏజింగ్ పని. నిన్న నిలబెట్టిన ప్లైవుడ్ గోడ రేపటి షూటింగుకు వందేళ్ళ గోడలా కనబడాలి. అందుకు రంగు ఒక్కటే చాలదు, మట్టి కావాలి. మూలల్లో పేరుకున్నట్టు, గడపల దగ్గర తొక్కినట్టు, వానకు చారలు కట్టినట్టు పూయాలి. ఏ మట్టి ఏ వెలుగులో ఎలా పలుకుతుందో నాకు తెలుసు. చేవెళ్ళ దారిలో దొరికే ఎర్రమట్టి వేరు, జహీరాబాద్ వైపు ఇటుకరంగు మొరం వేరు. నల్లరేగడి ఆరితే బూడిదరంగుకు తిరుగుతుంది, తడిస్తే మళ్ళీ నల్లబడుతుంది. ఫైటు సీనులో మనిషి పడగానే దుమ్ము లేవాలంటే మట్టిని ఎండబెట్టి, రెండుసార్లు జల్లించి, పరిచి, పెద్ద పంకాలు పెట్టాలి. మట్టి చేతిలోకి తీసుకుని నలిపేవాణ్ని, వాసన చూసేవాణ్ని. ఒక్కోసారి నాలుక మీద వేసుకునీ చూసేవాణ్ని. "మట్టి సంగతి ఆయన్ని అడగండి" అని నలుగురూ అనేవారు. ఆ మాట వినివిని, మట్టి సంగతి నాకు తెలుసని నేను నిజంగానే నమ్మాను. నా తెలివితక్కువతనానికి వేరు అక్కడుంది. నాకు తెలిసింది మట్టి రంగు. కంటికి కనబడేది తప్ప మట్టిలో ఇంకేం ఉంటుందో నేను ఏనాడూ ఆలోచించలేదు.

2024 వానాకాలం. ఊరి బయట ఒక జానపద కథకు కోటవాకిలి సెట్టు వేశాం. ఆరు గుర్రాలు తెచ్చారు. మూడు రోజుల ఫైటు. దుమ్ము కోసం జల్లించిన ముల్తానీ మట్టి బస్తాలు కొనమని నాకు డబ్బులిచ్చారు. నాకు ఆ పసుపుదనం నచ్చలేదు. గుర్రాలు కట్టేసిన చోట, రేకుల పాక కింద, పొడిబారిన మట్టి ఉంది. గిట్టల కింద నలిగి నలిగి పిండిలా అయింది. రంగు నేను కోరుకున్నట్టే ఉంది. దాన్నే ఎత్తించి, జల్లించి, 20 బస్తాలు నింపాను. అందులో ఎండిన లద్ది కలిసి ఉందని నాకు తెలుసు. లద్ది ఎండితే గడ్డే కదా అనుకున్నాను. ముల్తానీ మట్టి డబ్బులో కొంత నా దగ్గరే ఉండిపోయింది. అదీ చెప్పాలి. తరవాత తిరిగిచ్చేశాను, కానీ ఇచ్చింది ఆసుపత్రి నుంచి వచ్చాకే.

మేకు దిగింది ఆ పాక పక్కనే. చెప్పు తీసి చూస్తే అరికాలి మీద చిన్న చుక్క, రక్తం కొంచెమే వచ్చింది. మా నాయనమ్మ ఏ దెబ్బ తగిలినా ఇంత మెత్తటి మట్టి అద్దేది. ఆమె చేతి చల్లదనం నాకు గుర్తుంది. నేనూ అదే చేశాను. బస్తాలోంచి చిటికెడు తీసి, గాయం మీద వేసి, బొటనవేలితో నొక్కాను. రక్తం ఆగింది. చెప్పు తొడుక్కుని పనిలో పడ్డాను. రెండు రోజుల్లో పైన చర్మం మూసుకుంది. చూశావా, మానిపోయింది అనుకున్నాను. మూసుకోవడమే ప్రమాదమని అప్పుడు తెలియదు.

మా చిన్నమ్మాయి అప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉండేది. వాళ్ళమ్మ ఫోనులో మాటవరసకు మేకు సంగతి చెప్పింది. వెంటనే నాకు ఫోను చేసింది.

"టీటీ ఏసుకున్నవా నాన్నా?"

"ఏసుకున్న బిడ్డా. నిన్ననే, మన బస్తీ దవాఖానాల."

"షుగరు ఉన్నది నీకు, కాలు జాగ్రత్త. సబ్బుతోటి కడిగినవా?"

"కడిగిన."

రెండూ అబద్ధాలే. బస్తీ దవాఖానా మా ఇంటికి ఐదు నిమిషాల నడక. అక్కడ పైసా తీసుకోరు. పని పోతుందన్న భయమూ లేదు, ఆ రోజు పని తొందరగానే వదిలేశారు. మరి ఎందుకు వెళ్ళలేదు, ఎందుకు అబద్ధం చెప్పాను అని ఆసుపత్రి మంచం మీద చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. నా బిడ్డకు నాకన్నా ఎక్కువ తెలుసని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఆమె చదువుకు ఫీజులు కట్టాను, నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ చదువులోంచి ఒక మాట నా దగ్గరికి వస్తే మాత్రం వినలేకపోయాను. అంతకు మించి వేరే కారణం లేదు.

తొమ్మిదో రోజు పొద్దున ఇడ్లీ నోట్లో పెట్టుకోబోతే దవడ తెరుచుకోలేదు. వేలు పట్టేంత సందు వచ్చి ఆగిపోయింది. నొప్పి పెద్దగా లేదు, పట్టేసినట్టుంది. పంటి సంగతనుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన సరైన ప్రశ్నే అడిగారు: "ఈ మధ్య ఎక్కడైనా దెబ్బ తగిలిందా?" లేదన్నాను. అరికాలికీ దవడకూ ఏం సంబంధం అనుకున్నాను. ఆ రోజు పగలంతా అలా పోయింది. సాయంత్రానికి మెడ బిగిసింది, మంచినీళ్ళు మింగుతుంటే పొలమారింది. రాత్రి తొమ్మిదింటప్పుడు వంటింట్లో మా ఆవిడ చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి పడింది. ఆ చప్పుడుకు నా వీపు మంచం మీంచి లేచింది. మడమలూ తలా తప్ప ఒళ్ళంతా గాల్లో విల్లులా వంగింది. ఎవరో లోపలినుంచి తాళ్ళు కట్టి లాగినట్టు. ఊపిరి ఆడలేదు. ఎంతసేపు ఉందో తెలియదు. మా ఆవిడ కేకకు మళ్ళీ వంగింది. ధనుస్సు అన్న మాట ఈ జబ్బు పేరులో ఎందుకుందో ఆ రాత్రి నా వెన్నెముకకు తెలిసింది.

ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చెక్కపుల్లతో నా గొంతు వెనక భాగాన్ని తాకింది. మామూలు మనిషికి ఓకరింత వస్తుంది. నా పళ్ళు ఆ పుల్లను కరిచి పట్టుకున్నాయి, వదల్లేదు. ఆమె వెంటనే వెనక్కి తిరిగి, "గాయం ఎక్కడుంది? టీటీ వేశారా?" అని అడిగింది. హాస్టల్ నుంచి పరుగెత్తుకొచ్చిన మా అమ్మాయి నా తల దగ్గరే ఉంది. "వేశారు మేడం. గాయమైన మరుసటి రోజే వేయించుకున్నారు" అంది.

మాట్లాడటానికి నాకు నోరు లేదు. చెయ్యి ఎత్తి, అడ్డంగా ఊపాను. రెండుసార్లు ఊపాను. మా అమ్మాయి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. డాక్టరమ్మకు మాత్రం, "వేయలేదట మేడం" అని చెప్పింది. ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది నాకు.

అరికాలి గాయాన్ని కోసి శుభ్రం చేశారు. లోపల ఇంకా మట్టి ఉంది. నేను బొటనవేలితో నొక్కి పంపినదే. దాన్నీ మా అమ్మాయి చూసింది.

ఆ తరవాత కాలాన్ని రోజుల్లో చెప్పలేను. చీకటిగదిలో పెట్టారు. వెలుతురు పడితే ఒళ్ళు వంగుతుంది, తలుపు కిర్రుమంటే వంగుతుంది, దుప్పటి తగిలినా వంగుతుంది. నర్సులు చెప్పులు విప్పి నడిచేవారు. మా సెట్లో షాట్‌కు ముందు అందరినీ నిశ్శబ్దంగా ఉండమని అరుస్తారు, ఇరవై ఎనిమిదేళ్ళుగా విన్నాను. ఒక మనిషి ప్రాణం నిశ్శబ్దం మీద నిలబడుతుందని అక్కడ తెలుసుకున్నాను. ఈ జబ్బులో ఇంకో ఘోరం ఉంది. తెలివి పోదు. వంగిన ప్రతిసారీ మనిషికి అంతా తెలుస్తూనే ఉంటుంది. మందులిచ్చి మత్తులో ఉంచిన రోజులు పోగా, మిగిలినవన్నీ నాకు గుర్తున్నాయి.

తేరుకున్నాక అసలేం జరిగిందో మా అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది. మనం చెయ్యి కదిపినా, నమిలినా, ఒక కండరం బిగుస్తుంటే దాని ఎదుటి కండరం వదులవ్వాలి. బిగుసుకోమని చెప్పే సంకేతం ఒకటి, ఇక చాలు అని ఆపే సంకేతం ఇంకొకటి. ధనుర్వాతం క్రిమి గాయంలోనే ఉండిపోతుంది, అది ఒళ్ళంతా పాకదు. అది వదిలే విషం మాత్రం నరాల వెంట ఎక్కి వెన్నుపాము చేరి, ఆ రెండో సంకేతాన్ని నోరు మూయిస్తుంది. ఇక చాలు అనేవాడు లేక ఒంట్లో కండరాలన్నీ ఒకేసారి బిగుస్తాయి. దవడకు వచ్చే నరాలు పొట్టివి కాబట్టి విషం అక్కడికి ముందు చేరుతుంది. అందుకే కాలికి గుచ్చుకున్నది నోటి దగ్గర బయటపడింది. నరానికి ఒకసారి అతుక్కున్న విషాన్ని ఏ మందూ ఊడదీయలేదు. విరుగుడు మందు ఇంకా అతుక్కోకుండా తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మిగతాది నరాలు కొత్త కొసలు వేసుకునేదాకా, వారాల తరబడి, రోగిని బతికించి ఉంచడమే. మంచి వైద్యం అందినా పదిమందిలో ఒకరిద్దరు దక్కరు.

ఆ విషం ఎంత ఉంటే మనిషి చనిపోతాడో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. శరీరం బరువులో కిలోకు 2.5 నానోగ్రాములు. 60 కిలోల మనిషికి లెక్కవేస్తే, ఒక గ్రామును 60 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కన్నా తక్కువ. ఇంత తక్కువ కాబట్టే ఒంటికి దాన్ని గుర్తుపట్టి ఎదిరించే శక్తి కూడా తయారవదు. ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవాడికి మళ్ళీ రావచ్చు. ఇది విన్నప్పుడు నిజంగా భయపడ్డాను. అంత బాధపడ్డాక అయినా కాస్త రక్షణ దొరికి ఉంటుందనుకున్నాను. దొరకలేదు. అందుకే జబ్బు నయమయ్యే రోజుల్లోనే టీకా మొదలుపెట్టారు నాకు.

తుప్పు సంగతి కూడా అప్పుడే తెలిసింది. తుప్పుకూ ధనుర్వాతానికీ సంబంధం లేదు. తుప్పు పట్టిన మేకు చాలాకాలం నేల మీద పడి ఉంటుంది, దానికి మట్టి అంటుకుని ఉంటుంది, లోతుగా దిగుతుంది. భయం అందుకు. అసలు ముద్దాయి మట్టి. వెండిలా మెరిసే కొత్త మేకు గుర్రాల పాక దగ్గర నేలను తాకితే అదీ అంతే. సన్నగా లోతుగా దిగిన గాయం పైన మూసుకుపోతే లోపల గాలి ఆడదు. ఈ క్రిమికి గాలి పడదు, గాలి లేనిచోటే పెరుగుతుంది. నేను మట్టి అద్ది, నొక్కి, మూతపెట్టి, దానికి కావలసిన ఇల్లు కట్టి ఇచ్చాను.

మట్టిలో ఈ ప్రాణాంతక క్రిమి ఉందని 1884లోనే జర్మనీలో నికోలాయర్ అనే ఆయన చూపించాడు. తోటమట్టి తీసుకుని జంతువుల చర్మం కింద పెడితే వాటికి ధనుర్వాతం వచ్చింది. 1889లో బెర్లిన్‌లో జపాన్ శాస్త్రవేత్త కిటసాటో ఆ క్రిమిని మిగతావాటినుంచి విడదీశాడు. ఆయన వాడిన కిటుకు నన్ను పట్టుకుంది. చీములోని క్రిములన్నిటినీ 80 డిగ్రీల వేడిలో పెట్టాడు. మిగతావన్నీ చచ్చాయి, ఇది మాత్రం మిగిలింది. ఎందుకంటే పరిస్థితి బాగాలేనప్పుడు ఇది సిద్ధబీజంగా మారుతుంది, గట్టి పెంకు కట్టుకున్న విత్తనంలాగ. ఎండకు చావదు, మామూలు మందునీళ్ళకు సులువుగా లొంగదు, మరిగే నీళ్ళను కూడా కొంతసేపు తట్టుకుంటుంది. ఆసుపత్రుల్లో పరికరాలను ఒత్తిడి ఉన్న ఆవిరిలో 121 డిగ్రీల దగ్గర ఉంచేది ఇలాంటివాటి కోసమే. పశువుల పేగుల్లో, ముఖ్యంగా గుర్రాల పేగుల్లో అది హాయిగా ఉంటుంది. లద్దితో, పేడతో నేల మీదికి వస్తుంది. ఏళ్ళ తరబడి మట్టిలో నిద్రపోతుంది. మట్టి దుమ్మయి గాలిలో లేస్తే తనూ లేస్తుంది. నేను రెండుసార్లు జల్లించి మెత్తన చేశానని గర్వపడిన ఆ 20 బస్తాల్లో ఏముందో అప్పుడు అర్థమైంది.

మా అమ్మాయి చెప్పిన ఒక పాత సంఘటన నా మనసులోంచి పోదు. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని మల్కోవాల్ అనే ఊళ్ళో ప్లేగు టీకా వేశారు. 107 మందికి వేస్తే 19 మంది చనిపోయారు, ప్లేగుతో కాదు, ధనుర్వాతంతో. చనిపోయిన ఆ 19 మందికీ ఒకే సీసాలోంచి వేశారు. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్‌ను తప్పుపట్టి పదవిలోంచి తప్పించారు. తరవాత విచారణలో తేలిందేమంటే, ఆ సీసా మూత తీసేటప్పుడు సహాయకుడి చేతిలోని పటకారు నేల మీద పడింది. దాన్ని మందునీళ్ళలో ఒకసారి ముంచి అలాగే వాడేశాడు. హాఫ్‌కిన్ తప్పు లేదని వాదించినవాళ్ళలో రొనాల్డ్ రాస్ ఒకరు. మలేరియా దోమ గుట్టును మన సికింద్రాబాద్‌లో 1897లో విప్పిన ఆ రాసే. హాఫ్‌కిన్ నిర్దోషి అని ఒప్పుకోవడానికి 1907 దాకా పట్టింది. ఒక పటకారు ఒక్క క్షణం నేలను తాకింది. నేనైతే మట్టిని చేత్తో తీసి గాయంలో కూరాను.

ఇక్కడ నేను చెప్పి తీరవలసిన విషయం ఇంకొకటి ఉంది. నా కాలు ఒక్కటే అయితే ఇది నా సొంత గోడు. కానీ మేకు దిగడానికి రెండు రోజుల ముందు ఆ రోజు నా పక్కనున్న కుర్రాడి వేలు రంపం పంటికి తెగితే, వాడికీ నేనే మట్టి అద్దాను. "నాయనమ్మ మందు ఇది" అని చెప్పి మరీ అద్దాను. వాడికి 19 ఏళ్ళు. మూడు రోజులపాటు ఫైటర్లు నేను పరిచిన దుమ్ములో పడి దొర్లారు. మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోవడం వాళ్ళకు రోజూ ఉండేదే. గొంతులోంచి గొట్టం తీసి మాట వచ్చిన రోజున నేను మొదట అడిగింది ఆ కుర్రాడి సంగతి. బాగానే ఉన్నాడు. వాడికి చిన్నప్పటి టీకాలన్నీ పడ్డాయి, పదోయేటా పదహారోయేటా బడిలో వేసే సూదులు కూడా వేయించుకున్నాడు. వాణ్ని కాపాడింది ఆ సూదులు. నా మందు వాణ్ని చంపడానికి సరిపోయేది. ఇంటికొచ్చాక ఆర్ట్ డైరెక్టర్ గారి దగ్గరికి కర్ర పట్టుకుని వెళ్ళి, మట్టి ఎక్కడిదో, డబ్బు ఏమైందో చెప్పాను. ఆ సినిమాకు పనిచేసిన ఫైటర్లలో నాకు తెలిసిన ప్రతివాడికీ ఫోను చేసి చెప్పాను. కొందరు తిట్టారు. ఆ తిట్లు నాకు దక్కవలసినవే.

నాకెందుకు రక్షణ లేదో కూడా ఆలోచించాను. మన దేశంలో పిల్లలకు ఈ టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది, 1985 తరవాత అందరికీ చేరడం మొదలుపెట్టింది. నేను అప్పటికే పొలాల్లో తిరుగుతున్నాను. మా ఆవిడకు రెండు కాన్పుల్లోనూ టీటీ వేశారు. ఆడవాళ్ళకు అలా కడుపుతో ఉన్నప్పుడు వేయబట్టే, పురిటి గదుల్లో శుభ్రత పెరగబట్టే, పుట్టిన వారానికే నోరు బిగిసి పాలు తాగలేక పోయే పసిబిడ్డల చావులు తగ్గిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఆ గండం దాటింది, దేశమంతా 2015లో దాటింది. ఇది చిన్న విజయం కాదు. మా నాయనమ్మ ఇద్దరు బిడ్డలను పురిట్లోనే పోగొట్టుకుంది, ఎనిమిది రోజులు దాటలేదు వాళ్ళు. బొడ్డుకు ఏం రాశారో ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. మిగిలిపోయింది నా ఈడు మగవాళ్ళం. మాకు ఎవరూ వేయలేదు, మేమూ వెళ్ళి అడగలేదు. చిన్నప్పుడు వేయించుకున్నవాళ్ళకైనా పదేళ్ళకోసారి మళ్ళీ వేయించుకోకపోతే దాని బలం తగ్గిపోతుంది. గాయం మట్టి అంటినదైతే ఐదేళ్ళు దాటినా వేయించుకోవాలి. అసలు ఈ టీకాను తయారుచేసి ప్రపంచానికంతా పంపే బయలాజికల్ ఇ కంపెనీ 1953 నుంచి ఈ హైదరాబాదులోనే ఉంది. నా ఊళ్ళో తయారైన మందు, నా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో ఉచితంగా దొరికే మందు.

2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరసగా మనుషులు చనిపోతుంటే, మెలియాయిడోసిస్ అనే అనుమానం పేపర్లలో వచ్చింది. ఆ వార్తలు నేను ఒక్కటీ వదలకుండా చదివాను. ఆ జబ్బు కూడా మట్టిలోని క్రిమిదే, వానలు పడి నేల తడిసినప్పుడు చెలరేగుతుంది. 1911లో రంగూన్‌లో దాన్ని మొదట గుర్తించిన ఇద్దరిలో కృష్ణస్వామి అనే మన దేశపు డాక్టరు ఒకరు. షుగరు ఉన్నవాళ్ళను అది ఎక్కువగా పట్టుకుంటుంది. దానికి టీకా లేదు. నెలల తరబడి మందులు వాడాలి. చాలాసార్లు టీబీ అనుకుని పొరబడతారు. షుగరు ఉండి, వానాకాలంలో ఉత్త కాళ్ళతో బురద తొక్కిన నాకు ఆ వార్తలు వేరేవాళ్ళవిగా అనిపించలేదు.

ఇదంతా చదివి మట్టిని చూసి పారిపొమ్మని నేను అనడం లేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడే, మిస్సోరీలోని ఒక పొలం మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు వచ్చింది. 1948లో అది లోకానికి అందింది. చంపేదీ మట్టిలోనే ఉంది, బతికించేదీ అందులోనే ఉంది. రంగు చూసి ఏది ఏదో చెప్పగలనని అనుకున్నాను నేను.

ఇప్పుడు మా గల్లీలో నడుస్తుంటే వేరేగా కనబడుతుంది. పైపుల కోసం తవ్విన రోడ్డు, పక్కన మట్టిగుట్ట, దాని మీద పిల్లలు. బక్రీదు ముందు మేకలు కట్టేసిన చోటు. కూల్చిన ఇంటి ఇటుకల మధ్య మేకులు తేలిన చెక్కలు. బండి పోతే లేచే దుమ్ము. పిల్లలను ఆడొద్దనను, చెప్పులు వేసుకొమ్మంటాను. ఎవరికైనా దెబ్బ తగిలితే కొళాయి కిందికి తీసుకెళ్ళి సబ్బుతో కడిగిస్తాను, పక్కన నిలబడి సూది వేయిస్తాను. గాయం మీద మట్టి, పేడ, బూడిద, పసుపు, ఏదీ వేయనివ్వను. సెట్లో గట్టి అడుగున్న బూట్లు లేకుండా నా మనుషుల్ని పని చేయనివ్వను. గుర్రాలు కట్టిన చోటి మట్టి ఎవరినీ ఎత్తనివ్వను.

మూడో డోసు 2025 ఫిబ్రవరిలో మా బస్తీ దవాఖానాలో వేయించుకున్నాను. మా అమ్మాయి వెంట వచ్చింది. నేను చెప్పింది నమ్మక వచ్చిందేమోనని అడగలేదు. నమ్మకపోయినా అది న్యాయమే. సిస్టరు కార్డు మీద తేదీ వేసి ఇస్తే, నా చేతికి రాకముందే ఆ పిల్ల తీసుకుని చదివి, తన బ్యాగులో పెట్టుకుంది.

ఇది చదువుతున్నవారిలో 1985కు ముందు పుట్టిన మగవాళ్ళు ఉంటే, చివరిసారి టీటీ ఎప్పుడు వేయించుకున్నారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే ఈ వారమే వెళ్ళండి. మా ఏజింగ్, కార్పెంటరీ పనివాళ్ళలో నా ఈడువాళ్ళు 14 మంది ఉన్నాం. నాతో కలిపి 11 మందికి అయిపోయింది. మిగిలిన ముగ్గురిని వచ్చే సోమవారం నేనే తీసుకెళ్తున్నాను.